బస్సులో వచ్చిన నీళ్లు

నెలకోసారి ఎర్సీలియా ఇంటికి నేపుల్స్ నుంచి బస్సులో నీళ్లొస్తాయి. రెండు పెద్ద క్యాన్లు, పాత దుప్పటి ముక్కలో చుట్టి, తాడేసి బిగించి.

ఇటలీకి ఉత్తరపు కొసన కొండల కిందున్న బియెల్లాలో ఈ మాట విని నవ్వని మనిషి లేడు. కొండ దిగివచ్చే నీళ్ల కోసమే ఒకప్పుడు ఉన్ని మిల్లులన్నీ వెతుక్కుంటూ వచ్చి ఈ ఊళ్లో కూర్చున్నాయి. అలాంటి చోట కుళాయి తిప్పకుండా, దేశం ఆ కొస నుంచి నీళ్లు తెప్పించుకోవడమంటే, నిండు కాలవ గట్టున కూర్చుని చెంబుడు నీళ్లకు పొరుగూరు కబురు పెట్టినట్టే.

"పెళ్లాన్ని నేపుల్స్ నుంచి తెచ్చుకున్నావు, సరే. నీళ్లు కూడా అక్కడివే కావాలట్రా?" అని మిల్లులో తోటివాళ్లు ఎర్సీలియా మొగుడు గయెతానోని ఏడిపించేవాళ్లు.

"పెళ్లాం లేకుండా బతికినవాళ్లని చూశాను. సరైన కాఫీ లేకుండా బతికినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి," అనేవాడు గయెతానో.

అతని లెక్క అతనిది. గింజలు ఎవడైనా కొంటాడు, మిషను ఎవడైనా కొంటాడు, నీళ్లు మాత్రం పుట్టుకతో రావాలి. తను పుట్టిన సందులో కుళాయి నీళ్లతో కాచిందే కాఫీ, తక్కినవన్నీ కషాయాలు. రిటైరైన రోజు ఆ ఏడిపించినవాళ్లే తలా కొంత వేసుకుని, చేత్తో పిడి లాగే ఎస్ప్రెసో మిషను కొనిచ్చారు. రాగి పొట్ట, పొడుగాటి పిడి, ఆవిరి వచ్చినప్పుడు ఈల. దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, నేపుల్స్‌లో ఉన్న తమ్ముడు సబతీనోకి ఫోన్ చేసి గయెతానో అన్న మొదటి మాట: "ఒరే, నీళ్లు పంపరా."

సబతీనో పంపాడు. పంపుతూనే ఉన్నాడు. శనివారం సాయంత్రం అక్కడ బస్సెక్కిస్తే ఆదివారం పొద్దున్నకి ఇక్కడ దిగుతాయి. నిరుడు చలికాలం రాకముందే గయెతానో పోయాడు. అంత్యక్రియలకు వచ్చిన సబతీనో వదిన చెయ్యి పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేక తిరిగి బస్సెక్కాడు. ఆ నెల చివర్లో ఎర్సీలియాకి ఫోన్ వచ్చింది.

"వదినా, బస్సెక్కించాను," అన్నాడు సబతీనో.

"ఏంటి?"

"నీళ్లు."

మనిషి పోయాడు, నీళ్లు ఆగలేదు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లు చాలామందే. ఏడ్చారు, కావిలించుకున్నారు, ఏం కావాలన్నా అడుగు అన్నారు. తర్వాత్తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. వాన వెలిశాక చూరు కింద చుక్కల్లాగా, ఒకటీ, కాసేపాగి ఇంకోటీ, ఆ తర్వాత ఏమీ లేదు. ఎర్సీలియా ఎవర్నీ తప్పుపట్టలేదు. ఎవరి సంసారం వాళ్లది. ఆ నెలనెలా వచ్చే క్యాన్లు మాత్రం ఆమెకు చేతికర్రలాగా అయ్యాయి. అటువైపు కొసని ఇంకా ఒకరు పట్టుకునే ఉన్నారు అనిపించేది.

అందుకే, మిషను చెడిపోయిన రోజున ఆమెకు గుండెల్లో రాయి పడింది.

ముందు కాఫీ ధార సన్నబడింది. ఆ తర్వాత ముసురు పట్టినట్టు చుక్కచుక్కగా పడింది. చివరికి మిషను ఖళ్లుఖళ్లున దగ్గి, ఆవిరి ఉమ్మి, ఊరుకుంది. గయెతానో ఉన్నప్పుడు ఏడాదికోసారి "ఇవాళ కాఫీ లేదు, దీనికి విరేచనాలు పట్టిస్తున్నా" అని వెనిగర్ పోసి ఏదో చేసేవాడు. ఆ మందు ఎంత పొయ్యాలో, ఎందుకు పొయ్యాలో ఎర్సీలియా ఎన్నడూ అడగలేదు. మగాడి ఆటవస్తువు, మనకెందుకు అనుకుంది.

మిషన్లు బాగుచేసే ఒరెస్తె వచ్చి, మూత ఊడదీసి, లోపలికి లైటేసి చూశాడు.

"అమ్మా, ఇది కాఫీ మిషనా, సున్నపు బట్టీయా?"

"ఏమైంది నాయనా?"

అతను లోపల గోకి, ఒక పెచ్చు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. కోడిగుడ్డు పెంకులా తెల్లగా, గరుగ్గా ఉంది.

"నేను ఈ ఊళ్లోనే పుట్టాను, ఈ ఊళ్లోనే మిషన్లు విప్పుతున్నాను. బియెల్లాలో ఇంత సున్నం పట్టిన బాయిలరు చూళ్లేదు. ఏం పోస్తున్నారు ఇందులో?"

"నీళ్లే."

"ఏ నీళ్లు?"

"మా నీళ్లు," అంది ఎర్సీలియా.

ఒరెస్తె మూలనున్న దుప్పటి చుట్టిన క్యాను వంక చూశాడు. కొండప్రాంతం వాడు, ఎదుటివాళ్ల ఇంటి సంగతి ఒక ప్రశ్నకు మించి అడగడు.

"మందేసి శుభ్రం చేస్తాను. కానీ ఇదివరకే ఎవరో గట్టిగా వెనిగర్ పట్టించినట్టున్నారు, లోపల రేకు పలచబడిపోయింది. ఇంకోసారి ఇట్టా పేరుకుంటే గోకడానికి సున్నం ఉంటది గానీ బాయిలరు ఉండదు. ఈ మోడల్ది ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఆ నీళ్లు మానారా, మిషను ఉంటది. మానలేదా, పోద్ది. నా చేతిలో ఏం లేదమ్మా."

పోతూపోతూ కొన్ని కాగితం పుల్లలిచ్చాడు. నీళ్లలో ముంచితే రంగు మారుతుందట. పచ్చగా ఉంటే సున్నం లేనట్టు, ఎర్రబడితే ఉన్నట్టు. అతను మెట్లు దిగాక ఎర్సీలియా ఒక పుల్ల కుళాయి నీళ్లలో ముంచింది. లేత గడ్డి రంగు. ఇంకోటి సబతీనో నీళ్లలో ముంచింది. చిలక ముక్కు రంగు.

ఇప్పుడేం చెయ్యాలి? ఆ మిషను పోతే ఆయన చెయ్యి పడిన పిడి పోతుంది. ఆ నీళ్లు వద్దంటే మరిదికి ఏమని చెప్పాలి? అందరూ వదిలేసిన చెయ్యిని పట్టుకుని నిలబడ్డవాడితో "ఇక వదిలెయ్యి" అని ఎట్టా అనాలి? ఆ రాత్రి పడుకుందన్నమాటే గానీ ఆలోచన తెగలేదు.

మర్నాడు కుళాయి నీళ్లే పోసింది.

భోజనాలయ్యాక కాఫీకి దిగే అలవాటు పై అంతస్తు దెల్ఫీనాది. మిల్లులో రంగుల ఖాతాలో పనిచేసి రిటైరైన మనిషి, ఎర్సీలియా కంటే వయసులో పెద్దది, నోట్లో నువ్వుగింజ నానకపోయినా మనసులో ఏమీ దాచుకోదు. మొదటి గుక్క తాగి, కప్పు కింద పెట్టి, ఎర్సీలియా మొహంలోకి చూసింది.

"ఎవర్నన్నా తిట్టుకుంటా చేశావా?"

"ఏం అక్కా?"

"పుల్లగా ఉందే! నిమ్మకాయ పిండినట్టుంది. పైన నురగ ఏదీ? ఉత్త కొళాయి నీళ్లకు జలుబు చేసినట్టుంది."

"కొళాయి నీళ్లే అక్కా. మీ బియెల్లా నీళ్లు."

దెల్ఫీనా మొహం మారిపోయింది. ఇన్నేళ్లూ నేపుల్స్ క్యాన్లు చూసి నవ్విన మనిషి. ఇప్పుడు తన ఊరి నీళ్లకు పేరు పోతుంటే ఊరుకుంటుందా?

"నీళ్లల్లో దోషం లేదు. నీ పొడి ముతకది."

పొడి సన్నగా పట్టించింది ఎర్సీలియా. కాఫీ పుల్లగానే ఉంది.

"గింజలు పాతబడ్డాయి."

గింజలు మార్చింది. పులుపు పోలేదు.

"నీ చేతిలో బలం లేదు, పిడి సరిగా లాగట్లేదు," అంది దెల్ఫీనా. తనే లేచి లాగింది. మరీ పుల్లగా వచ్చింది. తను లాగిన కాఫీ తనే తాగాలి గనక మొహం అటు తిప్పుకుని తాగింది. తాగి, కాసేపాగి, మెల్లగా ఒప్పుకుంది: "మా నీళ్లు ఉన్ని ఉతకడానికి బంగారం. రంగు పట్టడానికి బంగారం. చిక్కుళ్లు వేస్తే ఇట్టే ఉడుకుతాయి. కాఫీకి మాత్రం ఒట్టి చేతులతో వచ్చిన చుట్టంలాగున్నాయి. ఏమీ తేలేదు, ఏమీ పట్టుకోలేదు."

సీసా నీళ్లు చూద్దామనుకున్నారు. ఇద్దరూ కలిసి సూపర్‌మార్కెట్‌కి వెళ్లి, కళ్లజోళ్లు పెట్టుకుని, సీసాల వెనక సన్నక్షరాలు చదువుతూ దారికి అడ్డంగా నిలబడ్డారు. చంకలో పిల్లాడితో వచ్చిన ఒకామె, పసిపిల్లల పాలకు వాడే నీళ్లు చూపించి ఇవి చాలా తేలికండీ అని చెప్పింది. ఇంటికొచ్చి పుల్ల ముంచితే గడ్డి రంగు. "మన కొళాయే సీసాలో కూర్చుంది, అంతే," అంది దెల్ఫీనా. ఇంకో సీసాలో ముంచితే చిలక ముక్కు. "ఇది సీసాలో ఉన్న మీ ఆయన." మరొకటి మధ్యస్తంగా తేలింది. దాంతో కాఫీ పెడితే పులుపూ లేదు, చేదూ లేదు. ఇద్దరూ తాగారు.

"ఎట్టుంది అక్కా?"

"బ్యాంకులో గుమస్తాలాగుంది. మర్యాదగా ఉంది. మన మనిషి కాదు."

అయినా దాంతోనే సరిపెట్టుకునేదేమో ఎర్సీలియా. కానీ ఆ సాయంత్రమే ఫోన్ మోగింది.

"వదినా," అన్నాడు సబతీనో. "అన్న ఏడాది పూజకు నేనే వస్తున్నా."

"రా నాయనా, రా. ఎప్పుడొస్తావా అనుకుంటున్నా."

"ఈసారి నాలుగు క్యాన్లు తెస్తున్నా."

"భుజం ఆపరేషనైంది కదయ్యా నీకు. నాలుగెట్టా మోస్తావు?"

"ఒకదాని తర్వాత ఒకటి మోస్తా," అన్నాడు. అక్కడితో అతని దగ్గర మాటలైపోయాయి. ఫోన్ పెట్టేశాడు.

పాత క్యాను అడుగున ఇంకా కాసిని నీళ్లు మిగిలున్నాయి. అతనొచ్చేలోగా క్యాను కడిగి బోర్లిద్దామని ఎర్సీలియా దాన్ని తొట్టిలోకి వంచింది. వంచింది గానీ చెయ్యి ఆడలేదు. ఆ నీళ్లు కుళాయి దగ్గర పట్టి, సందులోంచి మోసి, ఆపరేషనైన భుజం మీద బస్సు దాకా తీసుకొచ్చిన మనిషి కళ్లముందు కనిపించాడు. అన్నం మెతుకు పారేస్తేనే పాపం అనిపించే ఇంట్లో పుట్టింది. ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చిన నీళ్లని తూములోకి ఎట్టా పంపేది?

కాఫీకి నీళ్లు పట్టే జగ్గులోకి వంపింది. అన్నీ వంపితే గ్లాసుడు అయ్యాయి. జగ్గు నిండలేదు. మిగతాది కుళాయి కింద పెట్టి నింపింది. ఇదేదో కొలత అని కాదు, ఆ గ్లాసుడు నీళ్లకు సద్గతి అని.

కాఫీ ధార దిగుతుంటేనే ఆమె చెయ్యి పిడి మీద ఆగిపోయింది. తేనె జారినట్టు, ఎలుక తోకలా సన్నగా, తెగకుండా. కప్పులో పైన గోధుమరంగు నురగ కట్టి కదలకుండా కూర్చుంది. ఆ వాసన వంటింట్లో వచ్చి ఎన్నాళ్లయింది!

దెల్ఫీనా ఆ రోజు కప్పు దించకుండా తాగింది. చెంచాతో కప్పు అడుగున మిగిలింది గీకి నాకింది. అప్పుడు అడిగింది.

"ఏ సీసా?"

"సీసా కాదక్కా."

"మరి?"

"గ్లాసుడు మా మరిదివి. మూడు గ్లాసులు మీ ఊరివి."

దెల్ఫీనా కాసేపు లెక్క కట్టుకుంది. కుర్చీలో వెనక్కి జారి చేతులు కట్టుకుంది. "అంటే ముప్పాతిక వంతు మాదే అన్నమాట," అంది, మునిసిపాలిటీ ఎలక్షన్లో గెలిచినట్టు.

పుల్ల ముంచి చూస్తే, పచ్చా కాదు ఎరుపూ కాదు, ఎండుగడ్డి మీద సాయంత్రపు ఎండ పడ్డ రంగు. ఒరెస్తెకి ఫోన్ చేసి చెబితే, "అట్టా అయితే ఏం భయం లేదమ్మా, అప్పుడప్పుడు నన్ను పిలవండి చాలు," అన్నాడు. "ఎవరు చెప్పారు మీకు ఈ కొలత?"

"పారబొయ్యబుద్ధి కాలేదు నాయనా, అంతే," అంది ఎర్సీలియా.

మిషను దక్కింది. కాఫీ దక్కింది. కానీ అసలు చిక్కు అలాగే ఉంది. రెండు క్యాన్లు ఖాళీ అయ్యేది నెలకి. ఈ లెక్కన ఒక్క క్యానే రెండు నెలలు వస్తుంది. పూర్తిగా వద్దనడం కంటే కొంచెం చాలనడం తేలికేమీ కాదు. "నువ్విచ్చిన దాంట్లో పావు వంతు చాలు" అని ఎవరి మొహం మీద అనగలం?

ఆదివారం పొద్దున సబతీనో బస్సు దిగాడు. పొట్టి మనిషి, ఒక భుజం ఇంకోదానికంటే కిందకి. క్యాన్లు దించుతున్న డ్రైవరు ఎర్సీలియాని చూసి, "అమ్మగారూ, ఈ వయసులో మీ ఇంట్లో ఏనుగుని పెంచుతున్నారా?" అన్నాడు.

"పెంచుతున్నాం. ఇదుగో, దిగింది," అంది ఎర్సీలియా మరిది పొట్ట వైపు చూపించి. సబతీనో నవ్వాడు. అన్న పోయాక వదిన మాటలో పరాచికం వినడం అదే మొదలు.

ఇంటికి రాగానే కాఫీ పెట్టింది. జగ్గులోని నీళ్లు పొద్దున్నే కలిపి ఉంచింది. దెల్ఫీనా ముందే దిగివచ్చి కూర్చుంది. ఆమె పెదాలు బిగించుకున్న తీరు చూస్తే, నోట్లో కప్ప పెట్టుకున్నట్టుంది. ఏ నిమిషానైనా బయటికి గెంతేలా ఉంది. "నువ్వు మాట్లాడావంటే చూడు" అన్నట్టు ఎర్సీలియా ఆమె వంక ఒక చూపు చూసింది.

సబతీనో కాఫీ తాగాడు. కళ్లు మూసుకున్నాడు.

"అద్దీ," అన్నాడు. "అమ్మ పెట్టినట్టుంది వదినా. నీళ్లు నీళ్లే! అన్న ఊరికే అనేవాడా?"

ఎర్సీలియా మనసులో అనుకుంది: ఇక్కడితో ఊరుకుంటే ఏం పోయింది? మనిషి సంతోషంగా ఉన్నాడు. నెలనెలా క్యాన్లొస్తాయి, తను మెట్లకింద పేర్చుకుంటుంది. మొక్కలకు పోస్తుంది, నేల తుడుస్తుంది. ఎవరికి తెలుస్తుంది? ఆపైన, ఆ పేర్చిన క్యాన్ల పక్కనుంచి రోజూ నడవాలి కదా అనిపించింది. అతని భుజం వైపు చూసింది. అబద్ధాన్ని ఆ భుజం మీద మోయించడానికి మనసొప్పలేదు.

"సబతీనో, కోపం తెచ్చుకోకుండా విను. నీ నీళ్లు అందులో పావు వంతే."

"ఏంటి?"

"మిగతా మూడొంతులు ఇక్కడి కొళాయివి."

సబతీనో కప్పులోకి చూశాడు. ఖాళీ కప్పు. "మా నీళ్లు కల్తీ చేశావా వదినా? ఈ ఉన్ని ఉతికే నీళ్లతోనా?"

కప్ప గెంతింది. "ఆ ఉన్ని ఉతికే నీళ్లు తాగే కదయ్యా ఇప్పుడు అమ్మని తలుచుకున్నావు!" అంది దెల్ఫీనా.

"అక్కా, ఉండు," అని ఎర్సీలియా సాసరులో దాచిన పెచ్చు తెచ్చి మరిది ముందు పెట్టింది. మిషను దగ్గిన సంగతీ, ఒరెస్తె చెప్పిన మాటా, బాయిలరు రేకు సంగతీ చెప్పింది. సబతీనో పెచ్చుని వేళ్లమధ్య తిప్పాడు. లేచి మిషను దగ్గరికి వెళ్లి పిడి మీద చెయ్యి వేశాడు. చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు.

"ఇది నేను పంపిందే," అన్నాడు.

"నువ్వు పంపిందే నాయనా."

"అన్న మిషన్ని నేనే చంపబోయానన్నమాట." ఇటు తిరిగాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు, రెండూ కావచ్చు. "వదినా, ఒక మాట చెప్తా, తిట్టకు. మా ఇంట్లో మిషను ఇట్టాగే పోయింది. ఎప్పుడో. కొత్తది కొన్నప్పట్నుంచి మా ఆవిడ తితీనా ఆ నీళ్లు ముట్టుకోనివ్వదు. సీసా నీళ్లతో పెడుతుంది కాఫీ."

ఎర్సీలియా నోరు తెరిచింది. "నేపుల్స్‌లో కూర్చుని నువ్వు సీసా నీళ్లు తాగుతూ, మాకు కొళాయి నీళ్లు పంపుతున్నావా?"

"అన్న అడిగాడు. అన్న అడిగితే కాదంటానా? సున్నం అని చెబితే, మన నీళ్లనే అంటావురా అని తంతాడు."

"సరే, అన్న అడిగాడు. అన్న పోయాడుగా. ఆ తర్వాత ఎందుకు పంపావు?"

సబతీనో టోపీ తీశాడు. కుర్చీలో కూర్చుని దాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. "నాకు ఫోన్లో మాట్లాడ్డం రాదు వదినా. ఎట్టున్నావు అని అడిగితే నువ్వు బాగున్నా అంటావు. ఆ తర్వాత ఏమనాలో నాకు తెలీదు. నీళ్లెక్కించా అని అయితే చెప్పగలను. అది మానేస్తే నీకు ఫోన్ చెయ్యడానికి నా దగ్గర ఏముంది?"

వంటింట్లో మిషను ఒకసారి సన్నగా ఈలేసి ఊరుకుంది. దెల్ఫీనా కూడా ఊరుకుంది, అది చెప్పుకోవాల్సిన సంగతే.

"నీకో మాట చెప్పనా?" అంది ఎర్సీలియా. "ఆయన పోయాక నేను రోజుల తరబడి నైటీలోనే ఉండేదాన్ని. వండుకునేదాన్ని కాదు. తలుపు తీసేదాన్ని కాదు, ఈ అక్కని అడుగు. నీ నీళ్లు దిగే ఆదివారం మాత్రం లేవాలి. బస్సు దగ్గర నలుగురూ ఉంటారు, తల దువ్వుకోవాలి. చెప్పులేసుకోవాలి. డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడాలి. అట్టా మనిషినయ్యాను నేను. నువ్వు పంపింది సున్నమో పాలో నాకు తెలీదు గానీ, నన్ను లేపి నిలబెట్టింది అదే. నీకు నేను..."

"ఆపు, ఆపు," అన్నాడు సబతీనో కంగారుగా చేతులూపుతూ. "ఇంట్లోవాళ్లకి దండాలు పెడతారా ఎవరన్నా? పరాయివాణ్ణి చేస్తావా నన్ను?"

"దండం పెట్టనులే. కాఫీ పెడతా," అని కళ్లు తుడుచుకుని లేచింది.

పూజ అయ్యాక, ఆ ఆవరణలో కాపురముండేవాళ్లూ, గయెతానోతో మిల్లులో పనిచేసినవాళ్లూ ఇంటికొచ్చారు. ఎర్సీలియా పిడి దగ్గరికి వెళ్లబోతే సబతీనో అడ్డం నిలబడ్డాడు. "నువ్వు కూర్చో వదినా." మంచి భుజంతో పిడి లాగుతూ, తలా ఒక కప్పు ఇస్తూ, దానికి ముందు తలా ఒక గ్లాసు నేపుల్స్ నీళ్లు చేతిలో పెట్టాడు. ముందు నీళ్లు తాగి నోరు శుభ్రం చేసుకుంటే గానీ కాఫీ ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. బియెల్లావాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని తాగారు. ఇన్నేళ్లు నవ్వుకున్న నీళ్లు వాళ్ల నోళ్లలోకి వెళ్లడం అదే మొదటిసారి.

"మూడొంతులు మీవి, ఒక వంతు మాది," అని వచ్చినవాళ్లందరికీ సబతీనో కొలత చెప్పాడు, తనే కనిపెట్టినట్టు. "ఆ ఒక్క వంతు లేకపోతే మీ మూడూ నిమ్మరసం."

"ఆ మూడు లేకపోతే మీ ఒకటి గోడలకేసే సున్నం," అంది దెల్ఫీనా.

"మీ ఆయన ఎట్టా భరించాడమ్మా నిన్ను?"

"భరించలేకే ముందు పోయాడు. నువ్వు కాఫీ లాగు."

గయెతానోని ఏడిపించిన ముసలి మగ్గంపనివాడొకడు కప్పు ఖాళీ చేసి, పైకెత్తి, "గయెతానో, గెలిచావురా. పావు వంతు గెలిచావు," అన్నాడు. అందరూ నవ్వారు. ఎర్సీలియా ఆ నవ్వులో కూర్చుంది. తన ఇంట్లో తన చేతిలోకి ఎవరో కాఫీ తెచ్చిపెట్టి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తులేదు. మెల్లగా తాగింది.

వచ్చినవాళ్లు తాగిందీ, ఇళ్లకి గిన్నెల్లో పట్టుకుపోయిందీ పోను, సోమవారం పొద్దునకి ఒక క్యాను నిండుగా మిగిలింది, మూడు ఖాళీ అయ్యాయి. సబతీనో సంచి సర్దుకుంటూ ఇక క్యాన్లు బస్సెక్కించననీ, అయిపోవచ్చినప్పుడు చెబితే ఒకటి తనే పట్టుకొస్తాననీ అన్నాడు. "రెండు నెలలకో, మూడు నెలలకో. రెండు రోజులుండి పోతా."

"ఈలోగా?"

"ఈలోగా ఫోన్ చేసి ఏం తిన్నావని అడుగుతా. తితీనా నేర్పిస్తానంది."

ఎర్సీలియా ఖాళీ క్యాన్లు కడగడానికి తొట్టి దగ్గరికి తీసుకెళ్లింది. ఏ ఇంటి గిన్నె అయినా ఆ ఇంటికి ఖాళీగా తిప్పి పంపకూడదు. ఈ మాట ఆమెకు వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకు వాళ్లమ్మ చెప్పింది. క్యానులో ఏం పెట్టి పంపాలి? జున్ను పట్టదు, గింజలు పోస్తే తీయడం కష్టం. క్యాను కడుగుతూ, కుళాయి తిప్పి ఉంచి అట్టాగే నిలబడిపోయింది. ఆ తర్వాత నవ్వుకుంటూ క్యాను మూతిని ధార కిందికి జరిపింది.

"అదేంటి వదినా?" అన్నాడు సబతీనో గుమ్మంలోంచి.

"మీ ఇంట్లో కొళాయి ఉంది. మిషను ఉంది. సీసాలు మొయ్యడం దేనికి? మూడు ఇవి, ఒకటి మీది. తితీనాకి చెప్పు, కొలత తప్పద్దని."

సబతీనో వద్దనబోయాడు. కానీ ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదన్న సంగతి అతనికీ తెలుసు. నోరు మూసుకుని, మూతలు బిగించి, దుప్పటి ముక్కలు చుట్టడం మొదలుపెట్టాడు. మెట్లమీదనుంచి దెల్ఫీనా, "జాగ్రత్తగా చుట్టవయ్యా, అవి మా నీళ్లు!" అని అరిచింది.

బస్సు దగ్గర డ్రైవరు సామాను అర తెరిచి, క్యాను ఎత్తబోయి, బరువు చూసి ఆగిపోయాడు. మూత వైపు చూశాడు, సబతీనో వైపు చూశాడు, చివరికి ఎర్సీలియా వైపు తిరిగాడు. ఆమె తల దువ్వుకుని, మంచి కోటు వేసుకుని నిలబడి ఉంది.

"అమ్మగారూ, ఇన్నాళ్లూ అక్కణ్ణించి ఇక్కడికి నీళ్లు. ఇప్పుడు ఇక్కణ్ణించి అక్కడికా? మీ కుటుంబంలో ఎవరికీ బాగాలేదా?"

"అందరికీ బాగానే ఉంది నాయనా," అంది ఎర్సీలియా. "బాగున్నాం. ఎక్కించు."